ఒకటో నంబరు ఎవరిది

కుముదిని గ్యాస్ సీసా మూత తీసి సెన్సర్ దగ్గర పెట్టింది. రెప్ప వేసేలోపు, ఫర్లాంగు అవతల మ్యాన్‌హోల్ పక్కన ఆకుపచ్చ దీపం ఎర్రబడి సైరన్ కూసింది.

"ఇది కూస్తే దిగకూడదు, కూయకపోతే దిగొచ్చు. అంతేనా మేడమ్?" అన్నాడు సైదులు. మురుగు గేట్లకు చుట్టుకున్న గుడ్డపీలికలు తీయడానికి మురుగులోకి దిగేది అతనే.

"అంతే సైదులూ. దాన్ని నమ్ముకో."

రేవుపురంలో భూమి కింద రెండొందల మురుగు గేట్లు వాటంతటవే తెరుచుకుని మూసుకుంటాయి. ఒక్కోదానికీ ఒక కంట్రోలర్ పెట్టె. ఆ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి అందరూ ఈథర్నెట్ వేద్దామన్నారు. అదైతే ప్రతి పెట్టెకీ విడిగా కేబుల్ లాగాలి, మధ్యలో స్విచ్‌లు పెట్టాలి. ఆ చెమ్మకి స్విచ్‌లు నెల తిరక్కుండా పాడైపోతాయి. అందుకని ఇంజనీరు కుముదిని క్యాన్ బస్ అనే పద్ధతి ఎంచుకుంది. రెండే తీగలు, అన్ని పెట్టెలూ వాటికే. రెండు పెట్టెలు ఒకేసారి నోరు తెరిస్తే చిన్న నంబరుదే ముందు మాట, పెద్ద నంబరు ఆగాలి. ఒకటో నంబరు ఆమె విషవాయువు సెన్సర్‌కి ఇచ్చింది.

మున్సిపల్ ఛైర్మన్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చూడ్డానికొచ్చారు.

"కంపు చూసేదానికి ఒకటో నంబరేంటమ్మా? నా కారుది ఒకటి, ఫోను చివర ఒకటి. ఆ ఒకటి మా బంగళా మురుగు గేటుకి ఇవ్వు."

"అది హోదా కాదు సార్. ఎవరు ముందు మాట్లాడాలో చెప్పే లెక్క."

"ముందు మాట్లాడాల్సింది నేనేగా?"

వెనకున్న కౌన్సిలర్లు పళ్లికిలించారు. మర్నాటికల్లా వాళ్లూ తమ ఇళ్ల గేట్లకి, అదృష్ట సంఖ్య తొమ్మిది నాకంటే నాకని కొట్టుకున్నారు. ముందు నంబర్లన్నీ వాళ్లకే పోయి సెన్సర్ యాభై ఒకటికి జారింది. పైగా ఇంటి మురుగు పోతోందో లేదో క్షణక్షణం ఫోన్లో కనబడాలంది ఛైర్మన్ గారి భార్య. ఆ గేటు ఊపిరి తీసుకోకుండా వాగేలా చేయమన్నారు. కుదరదంటే బదిలీ అన్నారు. కుముదిని తన చేత్తోనే మార్చింది. సైదులుకి చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఆషాఢంలో వాన పట్టింది. మురుగు కాలువలన్నీ నిండాయి, కౌన్సిలర్ల గేట్లు కూడా వాగడం మొదలెట్టాయి. సైదులు మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి దీపం చూశాడు. ఆకుపచ్చగానే ఉంది. టీ తాగేంతసేపు ఆగాడు కూడా. సైరన్ కూయలేదు. దిగాడు.

కింద సెన్సర్ గ్యాస్‌ని పసిగట్టింది. చెప్పబోయి ఆగింది. మళ్లీ చెప్పబోయి ఆగింది. ఛైర్మన్ గారి బంగళా తన మురుగు సుఖంగా పోతోందని చెబుతూనే ఉంది.

తాడేసి పైకి లాగేసరికి సైదులు పోయాడు. వాన తెరిపిచ్చింది, కౌన్సిలర్ల గేట్లు నోరు మూశాయి. శవం మీద గుడ్డ కప్పాక సైరన్ కూసింది.

మర్నాడు మీటింగులో రెండు నిమిషాలు మౌనం పాటించి, తప్పంతా ఆ రెండు తీగలదేనని తేల్చారు. తీగలు చెప్పినట్టే చేశాయని కుముదిని అనబోయి ఆగింది. ఈథర్నెట్ వేయాలని తీర్మానం రాశారు.

"దాంట్లోనూ నంబర్లుంటాయా అమ్మా?" అడిగారు ఛైర్మన్ గారు.

"ఉంటాయి సార్."

"అయితే ఒకటో నంబరు మనకి రాసిపెట్టు."

కుముదిని రాసుకుంది.