ముప్పై ఆరు గ్రాముల జలుబు

"నువ్వు అర్జెంటుగా జలుబు తెచ్చుకోవాలి," అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ.

ఏజెంట్ పిల్లి నవ్వలేదు. అడుగుల చప్పుడు వినబడకుండా నడుస్తాడని డిపార్ట్‌మెంటు పెట్టిన పేరది. ఇరవై ఏళ్లుగా మారువేషాలు వేసీ వేసీ, సొంత మొహంతో ఎదురైతే పలకరించేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

బ్రీఫింగ్ పది నిమిషాల్లో ముగిసింది. జలుబు వైరస్ మన కణంలోకి దూరి, ఆ కణం చేతే తనకు కావలసిన ప్రొటీన్లన్నీ ఒకే పొడుగాటి గొలుసుగా తయారు చేయించుకుంటుంది. గొలుసు గొలుసుగానే ఉంటే ఎందుకూ కొరగాదు. అందులోనే ఒక ఎంజైమ్ ఉంటుంది, కత్తెర లాంటిది. అది గొలుసును విడిభాగాలుగా తెంపుతుంది. పనిలో పనిగా కణం సొంత ప్రొటీన్లను కూడా కత్తిరించి, దాని పని దాన్ని చేసుకోనివ్వదు. ఒక ల్యాబ్ ఆ కత్తెరను కదలనివ్వని మందు కనిపెట్టింది. దాని శాంపిల్ ఎత్తుకుపోవడానికి ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. మందు పరీక్షకు వాలంటీరుగా పిల్లి లోపలికి వెళ్లాలి. అక్కడి నర్సు మన మనిషే.

"కిటికీ మూయమంటారా అని అడుగుతుంది," అన్నాడు చీఫ్. "గాలి బాగానే ఉంది అను."

ముక్కులో వైరస్ చుక్కలు వేసి, ఒంటరి గదిలో పెట్టి తలుపేశారు. థర్మామీటర్ రూపంలో ఉన్న ట్రాన్స్‌మిటర్ తప్ప తోడెవరూ లేరు. నర్సు మొదటి రోజే కిటికీ మూయమంటారా అని అడిగింది, గాలి బాగానే ఉందన్నాడు పిల్లి. ఆమె రోజూ మధ్యాహ్నం వచ్చేది. మాస్కు పైన కనబడే ఆ కళ్లకు ఎవడైనా కోడ్‌బుక్ అప్పగించేస్తాడు. పిల్లి వాడి పారేసిన టిష్యూల సంచికి మూతి కట్టి, తూచి, గ్రాములు రాసుకుని పట్టుకెళ్లేది. జలుబును కొలిచే పద్ధతి అదే. వెళ్తూ వెళ్తూ, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేది. ఆ ఒక్క మాట కోసం పిల్లి పొద్దుట్నుంచీ తలుపు వైపే చూస్తూ ఉండేవాడు.

ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర వెళ్తోందో నర్సుకు కూడా తెలియదు. అయిదో రోజుకి పిల్లి ముక్కు పూర్తిగా ఆరిపోయింది. లోపల కత్తెర ఆగినట్టుంది. ఆ సంగతి చెబితే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో ఎవరున్నారని? అందుకే ఆమె రాగానే ముక్కు ఎగబీల్చి, రెండుసార్లు దొంగ తుమ్ములు తుమ్మాడు.

ఆమె అటు తిరిగి సంచి మూతి కట్టి, తూకం మీద పెట్టింది. ముప్పై ఆరు గ్రాములు.

అందులో తను వేసినవి రెండే టిష్యూలు, అవీ పొడివి. అయిదు గ్రాములు కూడా తూగవు. అంటు చెత్త సంచిని ఏ గేటు దగ్గరా ఎవరూ విప్పి చూడరు. మన మనిషే ముఠాకు అమ్ముడుపోయిందన్నమాట. కింద చెత్త లారీ ఇంజన్ స్టార్ట్ అయింది.

పిల్లి థర్మామీటర్ నొక్కి, ఒక్క గెంతులో సంచి లాక్కున్నాడు. వేళ్లకు గాజు గొట్టం తగిలింది. ఆమె చేతిలోని సిరంజి అతని మెడకు అంగుళం దూరంలో ఉండగా గార్డులు తలుపు తోసుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"సరుకు లోపల వేశాక కూడా తూచారెందుకు?" అన్నాడు పిల్లి.

"అలవాటు," అందామె. "రోజూ చేసే పని. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది."

అడగకుండా ఉండలేకపోయాడు. "నిద్ర పట్టిందా అని అడిగేవారు కదా. అది?"

"ఫారంలో ఏడో ప్రశ్న."

తూటా తగిలినప్పుడు కూడా పిల్లికి ఇంత బాధ కలగలేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. మాట్లాడటం అయిపోయాక, పెట్టేయబోతూ ఆగి, "ఇంతకీ జలుబు తగ్గిందా?" అన్నాడు.

ఇంకా తగ్గలేదని చెప్పాడు పిల్లి, రేపు కూడా అడుగుతాడేమోనని.