ఎవరూ చెప్పని బువలా బతుకు

నాకోక్ ఊరికీ వల్లకాటికీ మధ్య ఒక వాగుంది. వాగు మీద చెక్కల వంతెన. పగలంతా దాని మీద గేదెలు పోతాయి, మోటారుసైకిళ్ళు పోతాయి, బడి వదిలాక పిల్లలు కాళ్ళు వేలాడేసుకుని కూచుంటారు. పొద్దు వాలిందంటే మాత్రం... కుక్క కూడా అటు పోదు.

వంతెన కింద నుంచి ఎవరో మాట్లాడతారు.

ఆడగొంతు. గట్టిగా అరవదు, భయపెట్టదు. పక్కింటామె దడి అవతల నుంచి పలకరించినట్టు మెల్లగా... ‘నా సంగతి చెప్పలేదేం?’ అంటుంది. అంతే.

బాతులు మేపే ఒకాయన ఆ మాట విని చెప్పులు అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తాడు. మర్నాడు వాటి కోసం పెళ్ళాన్ని పంపాడు, పట్టపగలు. ఆమె చెప్పులు తెచ్చి మొగుడి ముందు పడేసి, "దెయ్యం కూడా వద్దందయ్యా నీ చెప్పులు" అని ఊరంతా వినేలా నవ్వింది. తర్వాత ఒకరోజు సంతలో ఆలస్యమై చీకట్లో వంతెన దాటింది. ఆ తర్వాత ఆమె నవ్వలేదు.

ఇక నేను చెప్పబోయేది ఒన్సాకి జరిగింది. విన్నది విన్నట్టు చెబుతాను.

ఒన్సా మొగుడు పోయిన మనిషి. వయసులో ఉన్నప్పుడు పాటల మేళంలో ఊరూరా తిరిగి పాడింది. పెళ్ళయి ఈ ఊరికి కోడలుగా వచ్చాక మేళం మానేసి, పొద్దున్నే సంతలో ఊరేసిన చేపలు అమ్ముకుంటూ ఉండేది. గొంతు మాత్రం పోలేదు. "చేపలమ్మా చేపలూ" అన్నా ఆగి వినాలనిపించేది.

మా వైపు శవానికి నిప్పు పెట్టే ముందు ఒకరు లేచి, పోయినవాళ్ళ బతుకు చెప్పాలి. ఎవరి బిడ్డ, ఏ పొలం దున్నింది, ఎవరికి ఏం సాయం చేసింది... అది చెప్పకుండా కాల్చేస్తే ఆ మనిషి అసలు పుట్టనట్టే. చెప్పడానికీ ఒక మర్యాద ఉంది. ఒక్క చెడ్డమాట దొర్లకూడదు. తాగుబోతుని నలుగురితో కలిసిమెలిసి ఉండేవాడనాలి. పిసినారిని పొదుపరి అనాలి. పెళ్ళాన్ని చావబాదిన వాణ్ణి ఇంటి మీద పట్టున్నవాడనాలి. విన్నవాళ్ళందరికీ అసలు సంగతి తెలుసు. అయినా బుద్ధిగా తలలూపుతారు.

ఎన్నో ఏళ్ళుగా ఆ పని కమ్‌ఫూ మాస్టారు చేసేవాడు. ఆయనకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. ఊరిపెద్ద వచ్చి ఒన్సా ఇంటి మెట్ల మీద కూచున్నాడు.

"చేపలమ్మే గొంతుతో చావు మాటలు చెప్పమంటావా మామా?" అంది ఒన్సా.

"పోయినవాళ్ళు బేరమాడరు గదమ్మా. సంతకంటే నయం. ఒప్పుకో."

ఒప్పుకుంది. మొదట పోయింది కెంచాన్ తాత. కప్పలు పట్టుకుని బతికిన మనిషి. వానరాత్రి నొసటికి లైటు కట్టుకుని గట్ల మీద ఎలా తిరిగేవాడో, పిల్లకప్ప దొరికితే "పెద్దయ్యాక కనపడు" అని ఎలా వదిలేసేవాడో, ఇంటికొస్తూ దూరం నుంచే ఈల వేస్తే ముసలమ్మ అన్నం బుట్ట ఎలా దించేదో... ఒన్సా చెబుతుంటే ఆ ముసలమ్మ ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

వల్లకాటి పక్క గుడి దగ్గర గిన్నెలు కడిగి బయల్దేరేసరికి పొద్దు గూకింది. తోడు వస్తామన్న ఆడవాళ్ళు ముందే పోయారు. ఒన్సా వంతెన మీద అడుగు పెట్టింది. చెక్కలు కిర్రుమన్నాయి.

"కెంచాన్ సంగతి బాగా చెప్పావమ్మా..."

ఆగిపోయింది. కింద నీళ్ళు. నీళ్ళ పక్కన తుంగ. ఎవరూ లేరు.

"మరి నా సంగతి చెప్పలేదేం?"

ఎలా ఇల్లు చేరిందో ఆమెకే తెలీదు. రాత్రంతా ఒళ్ళు కాలిపోయింది. అత్తగారు పెంగ్ ముసలమ్మ ఆమె మణికట్టుకి తెల్లదారం కట్టి, పక్కన కూచుని గొంతు తగ్గించింది.

"అది బువలా. ఇంకెవరవుతారు?"

"ఎవరత్తా ఆమె? వంతెన పక్క పాకలో ఉండే ముసలమ్మా?"

"అదే. నువ్వు కోడలిగా వచ్చేసరికే ఊరు దాని పేరెత్తడం మానేసింది. మంత్రసాని. ఈ ఊళ్ళో సగం బొడ్లు అది కోసినవే. నీ మొగుడిదీ అదే కోసింది."

వడ్లమిల్లు తోంగ్‌దీకి లేకలేక ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది బువలాయే. పసిగుడ్డు పురిటిలోనే పోయింది. తోంగ్‌దీ ఎక్కణ్ణుంచో మంత్రగాణ్ణి పిలిపించాడు. వాడు వెదురుబెత్తం పట్టుకుని ఊరంతా తిరిగి తిరిగి, బువలా ఇంటి ముందు ఆగాడు. ‘పోప్’ అన్నాడు. మనుషుల్లో ఉంటూనే మనుషుల పేగులు తినే దెయ్యాన్ని మా వైపు అలా అంటారు. ఇక చెప్పేదేముంది? ఆమె ఇంటి మెట్లు పీకేశారు, గోడలు కూల్చేశారు. ఆమె పోయి వంతెన పక్కన రేకుల పాకలో పడుంది. ఎవరూ చేరదియ్యలేదు. చిటికెడు ఉప్పు అమ్మినవాడు లేడు. అలాగే ముసలిదైంది. పోయిన వానల్లో జ్వరమొచ్చి అక్కడే పోయింది.

"కాల్చేటప్పుడు పాపం మాస్టారు లేచాడే. నాలుగు ముక్కలు చెబుదామని. తోంగ్‌దీ కసిరాడు... ‘పోప్‌కి బతుకేంటి? కూచో!’ అని. మాస్టారు కూచున్నాడు." పెంగ్ ముసలమ్మ దారం ముడి బిగించింది. "ఆ నెల్లోనే ఆయన నోరు పడిపోయింది."

ఒన్సాకి జ్వరం తగ్గింది. అటు పోవాల్సి వస్తే పగలే పోయి పగలే వచ్చేది. ఇంతలో తోంగ్‌దీ పెళ్ళాం పింపా పోయింది. వంటింట్లో కూర దించుతూ పడిపోయి, మళ్ళీ లేవలేదు.

తోంగ్‌దీ ఇల్లూ మిల్లూ వాగు అవతల. అతను వంతెన మీద ఎప్పుడు వచ్చినా బండి అద్దాలు పూర్తిగా ఎత్తి, పాటలు గట్టిగా పెట్టుకుని వచ్చేవాడు. అతను కబురు పంపితే ఒన్సా వెళ్ళింది. నట్టింట్లో శవపేటిక, చుట్టూ రంగురంగుల లైట్లు. పింపా చెల్లెలు చాన్లా పక్కన కూచుని విసనకర్ర ఊపుతోంది.

"పింపా అత్త గురించి ఏం చెప్పమంటావు మామా?"

"ఏముంది? మంచిది, గుడికి దానాలు చేసింది, అవన్నీ చెప్పు. కానీ బిడ్డ సంగతి తప్పకుండా చెప్పాలి. పోప్ బువలా నా బిడ్డని తినేసింది. ఆ దిగులుతోనే నా పెళ్ళాం పోయింది. మైకులో, గట్టిగా."

"చావు దగ్గర చెడ్డమాట అనకూడదు గదా మామా."

"పోప్‌ని పోప్ అంటే చెడ్డమాటా?" తోంగ్‌దీ నవ్వాడు. "నీ వడ్లు ఏ మిల్లులో ఆడిస్తావమ్మా? రోట్లో దంచుకుంటావా? నీ అత్త దంచుతుందా?"

చాన్లా విసనకర్ర ఆగింది. తలెత్తలేదు. మళ్ళీ ఊపసాగింది.

ఒన్సా మెట్లు దిగేసరికి చీకటి పడింది. దిగబెట్టమంటే మిల్లు కూలీలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక్కత్తే నడిచింది. వంతెన మధ్యకి వచ్చింది...

కప్పల అరుపు ఠక్కున ఆగిపోయింది.

"నా సంగతి..."

ఆ పూట భయం కంటే కోపం ఎక్కువగా ఉంది. ఒన్సా రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది.

"పెద్దమ్మా! వాడు నీ మీద వేసిన నిందే మళ్ళీ నా నోటితో వేయించాలని చూస్తున్నాడు. నీ సంగతి నాకు తెలీదు. తెలిసినవాళ్ళు నోరు విప్పరు. నన్నేం చెప్పమంటావు?"

ఈసారి ఆ గొంతు కింద నుంచి రాలేదు... చెవి పక్క నుంచి వచ్చింది.

"నువ్వేం చెప్పక్కర్లేదు. నోరు తెరువు. చాలు."

మర్నాడు మధ్యాహ్నం ఊరంతా వల్లకాడు చేరింది. అందరి చేతుల్లో చితి మీద పెట్టే చందనపు చెక్క పూలు. తోంగ్‌దీ తెల్లచొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూచున్నాడు. ఒన్సా మైకు అందుకుంది.

"పింపా అత్త పక్క తాలూకాలో పుట్టింది. పట్టు నెయ్యడంలో..."

అంతవరకే ఒన్సా. తర్వాత నాలుక మీద ఎవరో తడిచెయ్యి పెట్టినట్టు చల్లగా అయింది. పెదవులు వాటంతటవే కదిలాయి. బొంగురుగా, నిదానంగా, ఒక ముసలి గొంతు మైకులోంచి వచ్చింది.

"నేను బువలాని."

గాలి కూడా ఆగింది.

"వాగు పొంగిన ఏడు తెప్ప మీద పుట్టాను. మా అమ్మ ఆ తెప్ప మీదే పోయింది. అందుకే మంత్రసానితనం నేర్చుకున్నాను, ఇంకే తల్లీ అలా పోకూడదని. పురిటినొప్పులు ఓర్చుకోలేక ఏడ్చే ఆడపిల్లలకి పాటలు పాడాను. నా పాట బాగుండదు. నవ్వేవాళ్ళు. నవ్వితే నొప్పి తెలీదు... కంబూ! నువ్వు అడ్డం తిరిగావురా. తెల్లవార్లూ నీ అమ్మ కడుపు మీద చేతులుంచి నిన్ను తిప్పాను. నా ఇంటి మెట్లు నువ్వే పీకావు."

కంబూ ఎద్దులాంటి మనిషి. ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"తోంగ్‌దీ."

తోంగ్‌దీ లేచి నిలబడ్డాడు.

"నీ బిడ్డ నీలం తిరుగుతోంది, ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాను. నీ కాళ్ళు పట్టుకున్నాను. బండి తాళాలు నీ జేబులో ఉన్నాయి. కోడిపందేనికి వేళవుతోందన్నావు. నీ పెళ్ళాం, నేను బిడ్డనెత్తుకుని రోడ్డు దాకా నడిచాం. బాలింత... నెత్తురు కారుతుంటే నడిచింది. బిడ్డ రోడ్డు మీదే పోయింది. నువ్వు పుంజుని చంకలో పెట్టుకుని ఈలేసుకుంటూ వచ్చావు. ఆ రోజు నీ పుంజు గెలిచింది."

ఎవరో ఆడమనిషి వెక్కింది. తోంగ్‌దీ ఒక్క ఉదుటున వచ్చి మైకు లాక్కున్నాడు. ‘అబద్ధం’ అనబోయాడు కాబోలు, నోరు పెద్దగా తెరిచాడు.

ఆ నోట్లోంచి పసిబిడ్డ ఏడుపు వచ్చింది.

సన్నగా, ఊపిరాడని ఏడుపు. అతను నోరు మూశాడు. ఆగింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ అదే... గొంతు పట్టుకున్నాడు, గుండె మీద గుద్దుకున్నాడు. మైకులోంచి ఆ ఏడుపు వరిచేల మీదుగా ఊళ్ళోకి పోయింది. ఇళ్ళ దగ్గర ఉండిపోయిన ముసలివాళ్ళు కూడా విన్నారు. చివరికి అతను మైకు పారేసి, పెళ్ళాం చితికి నిప్పు కూడా పెట్టకుండా, చేలకు అడ్డంపడి పరిగెత్తాడు.

తోంగ్‌దీ ఇప్పటికీ ఉన్నాడు. మాట్లాడడు. మాట్లాడాలని నోరు తెరిస్తే అదే ఏడుపు. కూలీలు పని మానుకున్నారు. ఊరు వడ్లు పక్క ఊరికి మోసుకుపోతోంది. అతని ఇంటి మెట్లు ఎవరూ పీకలేదు. ఎక్కేవాళ్ళూ లేరు.

ఆ రోజు పింపా కోసం తెచ్చిన పూలలో సగం జనం బువలాని కాల్చిన చోట పెట్టారు. అందరికంటే ముందు పెట్టింది కంబూ.

కర్మల భోజనాలు అయ్యాక చాన్లా ఒన్సా ఇంటికి వచ్చింది. ఊరికి వెళ్ళిపోతూ, మూట చంకలో పెట్టుకుని.

"ఒన్సా, ఒకటి చెబుతాను. భయపడకు. వల్లకాట్లో పలికిందెవరో నాకు తెలీదు గానీ, వంతెన కింద మాట్లాడింది మాత్రం దెయ్యం కాదు. మా అక్క."

"పింపా అత్తా?"

"ఆమే. బువలా పోయిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం తూటికూర కోసుకొస్తానని చెప్పి పోయేదంట. వంతెన కింద కూచుని, వచ్చేపోయేవాళ్ళని అడిగేదంట. తనంతట తాను నిజం చెబితే మొగుడు చంపేస్తాడు. కనీసం భయపడైనా ఊరు బువలా పేరు తలుచుకుంటుందని... పోయిన పండక్కి వచ్చినప్పుడు నాతో చెప్పి ఏడ్చింది."

ఒన్సా గుండెల నిండా గాలి పీల్చుకుంది. పెంగ్ ముసలమ్మ నవ్వేసింది. "ఓసి పిచ్చిముండా! బతికున్న మనిషిని చూసా మనం ఇంత వణికాం!"

ఒన్సా కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. చెవి పక్కన ‘నోరు తెరువు’ అని వినపడిన సాయంత్రం... పింపా పేటికలో ఉంది. ఆ పేటిక దగ్గర్నుంచే కదా తను వంతెన మీదికి వచ్చింది!

"చాన్లా..." మణికట్టు మీది దారం పట్టుకుంది. "పాపం, ఆ చీకట్లో అత్త ఒక్కత్తే కూచునేదా?"

"ఒక్కత్తేనా?" అంది చాన్లా. మూట ఇంకో చంకకి మార్చుకుంది. "మొదటిరోజు నుంచీ పక్కన ఎవరో ఒకావిడ ఉండేదంట. చీకట్లో మొహం కనపడేది కాదంట. ఏం అడగాలో ఆవిడే అక్క చెవిలో చెప్పేదంట."