చిలుము గీకిన దేవత

మాస్టారిని చంపినవాళ్ళు ఆయన కళ్ళజోడు మాత్రం పద్ధతిగా మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళారు. హంతకుల్లోనూ మర్యాదస్తులుంటారు మరి.

మ్యూజియంలో నాణేల గది మాస్టారిది. రోమను నాణేల మీది దేవుళ్ళనీ దేవతలనీ గుర్తుపట్టి చెప్పడం ఆయన పని. పైకి అంతే. లోపల సీక్రెట్ సర్వీస్‌కి కోడ్‌లు విప్పేవాడు. డాక్టరు నోరు తెరిపించి చూస్తే బుగ్గన కంచు నాణెం దొరికింది. చచ్చినవాడి నోట్లో నాణెం పెట్టి సాగనంపడం రోమను వాళ్ళ ఆచారం. మాస్టారు ఎవరికీ శ్రమ ఇవ్వకుండా ఆ పని తానే చేసుకున్నాడు.

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు ఏజెంట్ ముంగిస ఆ గదిలోకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఎడమ బూటు మడమలో టెలిఫోన్. నొక్కితే మోగుతుంది, గట్టిగా అడుగేసినా మోగుతుంది. అందుకే మెట్లెక్కేటప్పుడు దొంగలా ఎక్కుతాడు.

బూటు మోగింది. అవతల చీఫ్.

"కుండలో గాలి."

"కొండ మీద ఈల. చెప్పండి చీఫ్."

"చివరిసారి అడుగుతున్నా. నాణెం మీద ఎవరు?"

"పియెటాస్. భక్తి దేవత. బలిపీఠం ముందు చెయ్యి చాచి నిలబడింది. అంటే స్మారక మందిరమే టార్గెట్."

"రూఢీయేనా? బలగాన్నంతా అక్కడే దించాను. పన్నెండు కొట్టగానే పని కానిస్తారట."

"రూఢీ."

ఆ విదేశీ ముఠా ఉత్తరాలు రాయదు, నాణేలు పంపుతుంది. చుక్కాని పట్టిన ఫోర్టునా వస్తే ఓడరేవు, కంకులు పట్టిన అన్నోనా వస్తే ధాన్యం గోదాము. మాస్టారి బుగ్గన దొరికిన ఈ నాణెం మొదట తెచ్చిచ్చింది సిల్కు మేడమ్. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే అందగత్తె. నిన్న ముంగిస ఒక్క చూపులో తేల్చేశాడు. మాస్టారే, "తొందరేంట్రా, ఇంకోసారి చూద్దాం," అన్నాడు. "మీకన్నీ అనుమానాలే మాస్టారూ!" అని నవ్వి వెళ్ళిపోయాడు ముంగిస. ఆ నవ్వు ఇప్పుడు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది.

మళ్ళీ బూటు మోగింది. ఈసారి కూతురు. తెల్లవారుజామున పెద్దాసుపత్రిలో ప్రసవించింది.

"నాన్నా, మనవరాలిని చూడ్డానికి ముహూర్తం పెట్టించాలా?"

"పన్నెండు దాటాక వస్తా తల్లీ."

బూటు తొడుక్కుని తల ఎత్తాడు. బల్ల మీది దీపం వంగి ఉంది. ఇందాక నిటారుగానే ఉంది. తలుపు మూసే ఉంది, కిటికీ మూసే ఉంది. మాస్టారి కుర్చీ మీద చెయ్యి వేస్తే, ఇప్పుడే ఎవరో లేచినట్టు వెచ్చగా తగిలింది. గదంతా మాస్టారు పీల్చే నశ్యం వాసన. దీపాన్ని సరిచేద్దామని చెయ్యి చాచాడు. బీరువా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. అచ్చం మాస్టారిలా, తప్పు చదివినవాణ్ణి ఆపినట్టు.

చెయ్యి ఆగిపోయింది. పక్కవాటుగా పడ్డ ఆ వెలుగులో బల్ల మీది నాణెం చూశాడు.

రెండువేల ఏళ్ళ చిలుము నల్లపచ్చగా మెరుస్తోంది. బలిపీఠం పైన మాత్రం గోరంత మేర లోహం ఎర్రగా, పచ్చి పుండులా ఉంది. ఎవరో గీకారు. ఏమీ లేనిచోట ఎవరైనా ఎందుకు గీకుతారు? అక్కడ ఏదో ఉండేది. బలిపీఠం మీంచి లేచే పాము! పాముకు పాత్రతో ఆహారం పెట్టే దేవత పియెటాస్ కాదు, సాలుస్. ఆరోగ్య దేవత.

పెద్దాసుపత్రి.

గడియారం పన్నెండుకు పద్దెనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"పాపం, మాస్టారు కూడా సరిగ్గా అంతే ఉలిక్కిపడ్డాడు," అంది గుమ్మంలోంచి సిల్కు మేడమ్. "నాణెం ఇలా ఇవ్వు."

"గీకింది నువ్వా?"

"వేరే నాణెం అంటగడదామంటే, మావాళ్ళ దగ్గరున్న ప్రతిదాని తూకమూ ఆ ముసలాడికి తెలుసే! గోళ్ళ ఆకురాయితో రాత్రంతా అరగదీశాను. నా గోళ్ళు చూడు, ఎలా పాడైపోయాయో."

లిప్‌స్టిక్ తిప్పింది. రంగు రాలేదు, తుపాకీ గొట్టం వచ్చింది.

ఇక్కడ నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. గుమ్మం పక్కనున్న ఉక్కు బీరువాలో మోకాలెత్తు సొరుగు తనంతట తాను బయటికి దూసుకొచ్చింది. మోకాలికి దెబ్బ తగిలి మేడమ్ ముందుకు తూలింది. తుపాకీ పేలి తూటా పైకప్పుకు తగిలింది. ముంగిస ఆమెను బీరువా పిడికే బేడీ వేసి, "మాస్టారూ, కాస్త చూస్తూ ఉండండి," అని పరుగెత్తాడు. ఎవరికి చెబుతున్నావు అన్నట్టు చూసిన మేడమ్, రెండు క్షణాల తర్వాత కెవ్వున అరిచింది.

చీఫ్‌కి కబురు పెడదామంటే పరుగులో బూటు దానంతటదే మోగి మోగి చచ్చింది. మందిరం ఊరికి ఆ చివర, ఆసుపత్రి రెండు వీధుల అవతల. ఆయాసపడుతూ ఆసుపత్రి మేడెక్కాడు. నీళ్ళ ట్యాంకు మూత తీసి ఉంది. ప్లంబరు వేషంలో ఒకడు విషం డబ్బా మూత తిప్పుతున్నాడు. కింద ప్రసూతి వార్డులో ఏదో పసిబిడ్డ ఏడ్చింది. తన మనవరాలే అనుకున్నాడు ముంగిస, ఎగిరి వాడి మీద పడ్డాడు. డబ్బా మేడ మీద దొర్లింది. మనుషులిద్దరూ ట్యాంకులో పడ్డారు. పన్నెండు గంటల సైరన్ మోగింది.

ప్లంబరును పోలీసుల చేతికిచ్చి, నీళ్ళోడుతూ వార్డులోకి వెళ్ళాడు.

"ఇదేం అవతారం నాన్నా? బిడ్డకు జలుబు చేస్తుంది, అక్కడే నిలబడు!" అంది కూతురు. నిలబడ్డాడు. అంత దూరం నుంచే మనవరాలిని కడుపారా చూసుకున్నాడు.

సాయంత్రం చీఫ్ రిపోర్టు చదువుతూ ఒక గడి దగ్గర ఆగాడు.

"ఇదేంటయ్యా? 'సహకరించిన సిబ్బంది' అన్నచోట మాస్టారి పేరు రాశావు. ఆయన నిన్ననే పోయాడు కదా!"

"పోయాడు చీఫ్," అన్నాడు ముంగిస. "సెలవు చీటీ మాత్రం ఇచ్చినట్టు లేదు."