రాతి గుంజల వీధి

యాభైల నాటి మద్రాసు. తొండియార్‌పేటలోని ఆ సాలెవాళ్ళ వీధిలో తెల్లవారిందంటే మనుషులకంటే ముందు నూలు బయట పడేది. ఈ కొసనొక గుంజ, ఆ కొసనొక గుంజ పాతి, మధ్యన పడుగు సాచి, ఎండ ముదిరేలోపల గంజి పట్టించాలి. యతిరాజులు చిన్ననాటినుంచీ చేస్తున్న పని అదే. చూపు మందగించింది, అద్దాలు పెట్టుకోమంటే మాత్రం కస్సుమంటాడు.

ఆ రోజు చూస్తే ఎవరో పుణ్యాత్ములు గుంజలు ముందే పాతిపెట్టినట్టు కనబడింది. "మావాడికి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అని హార్బరు పనికెళ్ళిన కొడుకు రంగనాథాన్ని మెచ్చుకుంటూ పడుగు వాటికే బిగించాడు. గంజి కుంచె పట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, గుంజ ఊడి వచ్చింది. పడుగంతా పోయి వీధి మధ్య నిలిచిన మురుగులో పడింది. పాపం, అవి గుంజలు కావు. కొత్త రోడ్డుకూ మురుగు కాలవకూ గుర్తుగా కార్పొరేషన్ వాళ్ళు ముందురోజు కొట్టివెళ్ళిన చెక్క మేకులు.

ఇక చూడాలి ముసలాయన వీరంగం! కొలతలకు వచ్చిన ఓవర్సీరు ధర్మలింగానికి అడ్డంగా వీధిలోనే బైఠాయించాడు.

"తారు పోస్తే మేం గుంజ యాడ పాతేది? ముందు నా పీనుగ మీద పొయ్యండి!"

"పెద్దాయనా, కాలవ వస్తే మీకే కదా మంచిది."

"మాకేం వద్దు! నువ్వు పో!"

కోడలు సీతాలక్ష్మి మురుగులోంచి నూలు ఎత్తుతూ ఉంది. పోయిన ఐప్పసి మాసంలో, దీపావళి నాటి వానలకు ఈ నీళ్ళే ఇంట్లోకొచ్చి మగ్గం గుంట నిండిపోయింది. ఆ తడిలోనే జ్వరం తగిలి పెద్దపిల్ల అమ్మణి దక్కలేదు. మామ ఎదుట గొంతెత్తి ఎరగని ఆ మనిషి, చేతిలో తడి నూలుతోనే వచ్చి నిలబడింది.

"మామా, పడుగు మళ్ళా సాచుకుంటాం. నా బిడ్డను మళ్ళా తెస్తారా? దాన్ని మింగింది ఈ నీళ్ళు కాదా? ఉయ్యాల్లో ఇంకొకడుండాడు. వాణ్ణీ దీనికే ఇచ్చేదా?"

యతిరాజులు ఆమె చేతిలోని తడి నూలుకేసి చూశాడు.

"మగ్గం నిలిచిపోతే వాడికేం పెడతావు, అమ్మాయ్?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఉన్నదంతా భయమే.

సీతాలక్ష్మి ఓవర్సీరు వైపు తిరిగింది. "అయ్యా, ఒక పక్కన మన్ను అట్లనే వదిలెయ్యండి. మా గుంజలు ఆడ పాతుకుంటాం. అంతే మేం అడిగేది."

ధర్మలింగం తల గోక్కున్నాడు. "కౌన్సిలర్ని పిల్చుకొచ్చి చూపిస్తానమ్మా" అని వెళ్ళాడు. అట్లా చెప్పి వెళ్ళినవాళ్ళను ఎంతమందిని చూడలేదు ఆ వీధి! ఎవరూ నమ్మలేదు. కానీ ఆ వారంలోనే కౌన్సిలరు నిజంగా వచ్చాడు. పంచె ఎగ్గట్టి బురదలో దిగి, పడుగు పని మొదటినుంచి చివరిదాకా చూసి వెళ్ళాడు. ఐప్పసి వానలకు ముందే, ఆడిమాసం పోయేసరికి కాలవ వచ్చింది, రోడ్డు వచ్చింది. రోడ్డు పక్కన మన్ను వదలడమే కాదు, మగ్గాలవాళ్ళ కోసం కార్పొరేషన్ ఖర్చుతోనే రాతి గుంజలు కూడా నాటారు. యతిరాజులు వాటిని ఒక్కొక్కదాన్నీ ఊపి చూసి, మీసాల్లో నవ్వుకున్నాడు.

ఐప్పసి వాన దిగిన పొద్దున సీతాలక్ష్మి చంటివాణ్ణి చంకనేసుకుని, నూలు అటకెక్కిద్దామని పరుగెత్తింది. మగ్గం గుంటలో చూస్తే చుక్క నీళ్ళు లేవు. మామ కూడా లేడు. వీధి గుమ్మంలోకి వచ్చి చూసింది. ముసలాయన వానలో నిండా తడుస్తూ, జోరుగా పారుతున్న కాలవ ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"ఏం తాతా, మురుక్కాలవకు దణ్ణమా?" ఎదురింటి మునియక్క పకపకా నవ్వింది.

"నవ్వుకో మునియక్కా, నవ్వుకో. పోయినేడు ఈ నీళ్ళే ఇంట్లో దూరి నా అమ్మణిని ఎత్తుకుపోయినాయి. ఈ పొద్దు నా గడప తొక్కకుండా పోతా ఉండాయి. ఈ కాలవను తెచ్చినోళ్ళు నా కంటికెదురుగా లేరు. అందుకే దణ్ణం దీనికే పెడతా ఉండా."

బిడ్డ పోయాక మామ నోట ఆ పేరు వినడం సీతాలక్ష్మికి అదే మొదలు. ఆయనకు గుర్తే లేదనుకుంది ఇన్నాళ్ళూ. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. కొంగు చంటివాడి తలకు కప్పి గడప దిగింది. ఆయన పక్కన నిలబడి, వాడి చిన్న చేతులు రెండూ పట్టి జోడించింది.