అక్కకు కట్టిన ధర

ఇల్లు అమ్మకానికి పెట్టి చాలా నెలలైంది. మా వీధిలో మరికొన్ని గేట్లకు కూడా అమ్మకం బోర్డులు వేలాడుతున్నాయి. బ్యాంకు వడ్డీలు పెరిగాయి. డబ్బున్నవాళ్ళు కొత్త అపార్ట్‌మెంట్ల వైపు చూస్తున్నారు. అయినా మావారు చెప్పే ధర మాత్రం కొండెక్కి కూర్చుంది, దిగనంటే దిగనంటుంది.

ఎందుకు దిగదో నాకు తెలుసు. ఈ ఇల్లు అక్క కట్టించుకుంది. అక్కంటే ఆయన మొదటి భార్య, పోయి ఏళ్ళయినా పోని మనిషి. మెట్ల పక్క చెక్క రెయిలింగు అక్క ఎంచిందట. వంటగది గచ్చు అక్క దగ్గరుండి వేయించిందట. ధర చెప్పేటప్పుడు ఆయన ఇటుకలకూ సిమెంటుకూ కాదు, అక్కకే ఖరీదు కట్టేవారు. నేనెన్నేళ్ళు తుడిచినా ఆ గచ్చు నాది కాలేదు. చచ్చిపోయిన మనిషి మీద అసూయేమిటని మీరనవచ్చు. బతికున్న సవతితో అయితే నోరు చేసుకోవచ్చు. గోడ మీద ఫోటోలో నవ్వుతూ కూర్చున్నదానితో ఏం పోట్లాడతాం?

నాకు కావలసింది ఒకటే, ఊరి చివర ఓ చిన్న ఫ్లాటు. రెండు గదులైనా చాలు. దాని గోడకు మొదటి మేకు నేను కొట్టాలి. ఈ ఇల్లు అమ్ముడుపోతే తప్ప ఆ ఫ్లాటు రాదు.

చివరికి బ్రోకర్ వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. "ముందు ఇది మీ ఇల్లన్న సంగతి చెరిపేయాలమ్మా. ఫోటోలు తీసేయండి. బట్టలూ చెప్పులూ కనపడనివ్వకండి. వచ్చినవాళ్ళు ఇది తమ ఇల్లే అనుకోవాలి. మీరు ఎదురుగా ఉంటే అలా అనుకోలేరు. వాళ్ళు లోపలికి రాగానే మీరు బయటికి వెళ్ళిపోండి." ఆ తర్వాత ఆయన వైపు తిరిగి, "ధర కూడా కాస్త తగ్గిస్తే..." అన్నాడు.

ఆయన వినిపించుకోనట్టు కిటికీ వైపు చూశారు.

సరేనని సర్దడం మొదలుపెట్టాను. మా పెళ్ళి ఫోటో దించుతుంటే ఆయన స్టూలు పట్టుకుని సాయం కూడా చేశారు. అక్క ఫోటో మీద చెయ్యి వేసేసరికి మాత్రం, "అది ఉండనీలే" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చీరలన్నీ అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి. అక్క చీరలు మాత్రం కలరా ఉండల మధ్య, మేడమీది బీరువాలో హాయిగా ఉండిపోయాయి.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళగానే బ్రోకర్‌కి ఫోన్ చేసి, మూడో వంతు తెగ్గోసి ధర చెప్పాను.

"సార్ ఒప్పుకున్నారా అమ్మా?"

"ఒప్పుకుంటారు. ముందు మీరు పార్టీని తీసుకురండి."

ఫోన్ పెట్టేశాక కడుపు చల్లబడింది. అక్క విలువను నా నోటితో తగ్గించాను కదా! అప్పుడే మేడమీద బీరువా తలుపు కిర్రుమంది. గాలికేమో అనుకున్నాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే బ్రోకర్ ఒకావిడను తీసుకొచ్చాడు. మబ్బు పట్టి, కరెంటు కూడా పోయి, ఇల్లంతా చీకటిగా ఉంది. వానకు కొంగు తల మీదికి లాక్కుని ఆవిడ గుమ్మంలో నిలబడింది. ముఖం కనపడలేదు. కలరా ఉండల వాసన మాత్రం గుప్పుమంది.

"రండి, చూడండి" అన్నాను.

ఆవిడ తిన్నగా మెట్లెక్కింది. మా మెట్లలో పైది కాస్త ఎత్తు. కొత్తవాళ్ళెవరైనా అక్కడ కాలు తట్టుకోవలసిందే. ఆ చీకట్లో ఆవిడ తట్టుకోలేదు.

మేడమీద అడుగుల చప్పుడు... ఒక గదిలో... ఇంకో గదిలో... బీరువా దగ్గర ఆగింది.

"ఇంకా ఇక్కడే ఉన్నారేమిటమ్మా? బేరం చెడిపోతుంది, వెళ్ళండి" అని బ్రోకర్ గుసగుసగా కసిరాడు.

మెట్ల వైపు ఒక అడుగు వేశాను. కానీ ఫ్లాటు గుర్తొచ్చింది. గుమ్మం దాటాను.

ఎదురింటి చూరు కింద నిలబడ్డాను. వాన జోరందుకుంది. ఎంతసేపైనా ఎవరూ బయటికి రాలేదు. కాసేపటికి మా వంటగదిలో గిన్నెల చప్పుడు మొదలైంది. ఇల్లు చూడ్డానికి వచ్చిన మనిషికి గిన్నెలతో పనేమిటి?

అంతలో మావారు గొడుగు వేసుకుని వీధి మలుపు తిరిగారు. ఆ వేళకు ఎప్పుడూ రారు. పిలిచాను. నా పక్కనుంచే నడిచి వెళ్ళిపోయారు. వెనకాలే పరిగెత్తాను.

తలుపు తీసింది ఆవిడ.

కొంగు ఇప్పుడు తల మీద లేదు. ఫోటో మీద నేను రోజూ దుమ్ము తుడిచిన ముఖం... అదే నవ్వు.

ఆయన కెవ్వుమంటారనుకున్నాను. అనలేదు. గొడుగు ఆవిడ చేతికిచ్చి, "దంచేస్తోందోయ్ వాన!" అని నవ్వారు. నాతో ఒక్కనాడైనా అలా నవ్వుతూ మాట్లాడలేదు. సిగ్గులేని మనసు నాది, భయం కన్నా ముందు దానికి అదే గుచ్చుకుంది.

"ఏమండీ..." అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. ఎంతో మర్యాదగా, "ఇల్లు చూడ్డానికి వచ్చారా? మేం అమ్మడం లేదండీ" అన్నారు.

"నేనండీ... నేను..."

లోపల్నుంచి బ్రోకర్ వచ్చాడు. "ఈవిడకి చెప్పాను సార్, వినడం లేదు." నా వైపు తిరిగి, "ఎంతలో చూస్తున్నారు మేడం?" అని అడిగాడు.

బుర్ర పనిచెయ్యలేదు. పొద్దున ఫోన్‌లో చెప్పిన ధరే నోట్లోంచి వచ్చింది.

బ్రోకర్ పకపకా నవ్వాడు. "ఆ ధరకు ఈ ఇల్లా? చచ్చినా ఇవ్వరు మేడం!" అని, బ్యాగు నెత్తిన పెట్టుకుని వానలో పరిగెత్తాడు.

మావారు లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ తలుపు పట్టుకుని నా చెవి దగ్గరికి వంగింది. బొంగురు గొంతు... "మొదట్లో చలేస్తుంది చెల్లీ... తర్వాత అలవాటైపోతుంది."

గడియ పడింది.

తలుపు బాదాను. చెయ్యి తగులుతోంది... చప్పుడు రావడం లేదు. ఆయన్ని పిలవాలని నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు.

అప్పుడు లోపల్నుంచి ఎవరో అడగడం వినిపించింది.

"ఏమండీ, టీ పెట్టమంటారా?"

ఆ గొంతు అక్కది కాదు. నాది.