నాలుగు జీబీ తక్కువ

ధన్!

ఇనుప తలుపు అదిరింది.

ధన్! ధన్!

"తలుపు తియ్! లేదంటే కాల్చి పారేస్తా!"

అవతల మేనేజర్. చేతిలో పిస్టల్.

ఇవతల ఆమె. చేతిలో కీబోర్డ్!

బయట ఎండ మాడ్చేస్తోంది. మొదటి అంతస్తులో ఉన్న ఈ సర్వర్ రూమ్‌కి మాత్రం కిటికీ లేదు. ఇక్కడ ఎప్పుడూ రాత్రే. ఆఫీసంతా ఆమెను సర్వరమ్మ అంటుంది. మొదట్లో ఏడిపించడానికి పెట్టిన పేరు. ఇప్పుడు అసలు పేరు జీతాల క్లర్కుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

స్క్రీన్ మీద పచ్చ గీత పాకుతోంది. రీస్టోర్... తొంభై శాతం.

"త్వరగా రావే తల్లీ!"

కిందటి వారం గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌ని ఎవరో పొడిచి చంపారు. నెత్తుటి చొక్కాతో దొరికాడని ఆమె తమ్ముణ్ణి పట్టుకెళ్లారు. వాడు కంపెనీ డ్రైవర్. ఇంజెక్షన్ సూది చూస్తేనే కళ్లు తిరిగి పడే రకం. వాడు హంతకుడట!

మర్నాడే, సర్వర్ లోపల నడుస్తూ కెమెరాల రికార్డింగ్ దాచే మెషీన్ మాయం! దాంతోపాటు పెద్ద సర్వర్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. "వైరస్" అన్నాడు మేనేజర్, పాపం ఎంతో బాధపడిపోతూ.

వైరసట! దాని మొహం!

కానీ హత్య జరిగాక, ఆ సాయంత్రమే ఆ మెషీన్‌కి ఆమె ఒక డిస్కులో కాపీ తీసి పెట్టింది. రోజూ చేసే పనే. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. ఆ కాపీని రీస్టోర్ చేసి మెషీన్‌ని మళ్లీ లేపితేనే రికార్డింగ్ తెరుచుకుంటుంది. వేరే దారి లేదు.

పొద్దున్నే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. "చూపిస్తానంటే వస్తానమ్మా" అన్నాడాయన. వచ్చాడు కూడా... కానీ కింద మెయిన్ డోర్ బయట నిలబడి ఉన్నాడు!

ఎందుకంటే తలుపులన్నీ మూసింది ఆమే. ఆ ఫోన్ మాటలు మేనేజర్ చెవిన కూడా పడ్డాయి మరి!

కారిడార్‌లో పిస్టల్ కనబడగానే ఒక్క బటన్ నొక్కింది. లాక్‌డౌన్! బిల్డింగ్‌లో ప్రతి తలుపూ బిగుసుకుంది. ఇక ఎవరి కార్డూ పనిచేయదు. మూయడానికి ఒక్క బటన్... తెరవడానికి మాత్రం మేనేజర్ పాస్‌వర్డ్. అదీ ఈ గదిలో కూర్చునే కొట్టాలి. కంగారులో తన గొయ్యి తనే తవ్వుకుంది.

ఫోన్ మోగింది.

"అమ్మా, కింద తలుపు కదలట్లేదు. పగలగొట్టే మనుషుల్ని పిలిపిస్తున్నా. కాస్త ఓపిక పట్టు!" ఇన్‌స్పెక్టర్.

"నాకుంది సార్ ఓపిక. ఈ తలుపుకే లేదు!"

ధన్! పై బందు ఊడింది.

నూరు శాతం! రీస్టోర్ అయిపోయింది!

స్టార్ట్ నొక్కింది.

టింగ్...

ఎర్ర డబ్బా. 'సరిపడా మెమరీ లేదు.'

ఆమె నెత్తి కొట్టుకుంది. "ఛీ! నా బుద్ధి గడ్డి తింది!"

కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆమె చెప్పే మొదటి పాఠం ఇదే. రీస్టోర్‌కి ముందు మెమరీ ఎంత ఖాళీ ఉందో చూడండ్రా! మంచాలు చూసుకోకుండా చుట్టాల్ని పిలిస్తే ఎక్కడ పడుకోబెడతారు? వందసార్లు చెప్పి ఉంటుంది. ఇవాళ తనే చూడలేదు!

పెద్ద సర్వర్ పోయాక మిగిలింది మూలనున్న ఈ చిన్న సర్వర్. ఈ ఒక్క పెట్టెలోనే, ఒకే సర్వర్‌ని పది ఉత్తుత్తి మెషీన్లుగా పంచే హైపర్‌వైజర్ పుణ్యమా అని మూడు మెషీన్లు కాపురం చేస్తున్నాయి. మెయిల్. జీతాలు. తలుపులు.

కెమెరాల మెషీన్‌కి కావలసింది ముప్పై రెండు జీబీ. ఖాళీ ఇరవై!

తగ్గించి సర్దుదామంటే, అది మెషీన్ నడుస్తుండగా తీసిన కాపీ. ఒక్క జీబీ తగ్గినా లేవదు.

మెయిల్ ఆపింది. ఇరవై నాలుగు.

జీతాలు ఆపింది. ఇరవై ఎనిమిది. "ఒకటో తారీఖున నన్ను తిట్టుకోండి!"

స్టార్ట్!

టింగ్...

ఇంకా నాలుగు జీబీ తక్కువ!

మిగిలింది ఒక్కటే. తలుపుల మెషీన్.

ఆమె వేలు గాలిలో ఆగిపోయింది.

అది ఆగితే తాళాలు బిగుసుకోవు... వదిలేస్తాయి. మంటలొస్తే జనం లోపల చిక్కుకోకూడదని చేసిన ఏర్పాటు. అంటే ఈ తలుపు కూడా తెరుచుకుంటుంది. అవతల పిస్టల్!

తలుపు చప్పుడు ఆగింది. మేనేజర్ గొంతు మెత్తబడింది.

"మాట విను. ఆ డిస్కు ఇచ్చెయ్. నీ తమ్ముడికి మంచి లాయర్ని నేనే పెడతా."

"చంపింది మీరు, లాయర్ మావాడికా? ఎంత పెద్ద మనసు సార్ మీది!"

"చావంటే భయం లేదా నీకు?"

ఉంది. బోలెడంత ఉంది. కానీ నిన్న ఊచల అవతల నిలబడి తమ్ముడు అడిగిన మాట చెవిలో గింగురుమంటోంది. "ఆయన ఇంకా బతికే ఉన్నాడనుకుని ఎత్తుకున్నానే అక్కా. తప్పు చేశానా?"

తప్పా!

"తలుపే కదా సార్ కావాలి? తీస్తున్నా... రండి!"

నొక్కింది.

ముప్పై రెండు!

స్టార్ట్!

క్లిక్.

తలుపు ధడాలున తెరుచుకుంది. మేనేజర్ లోపలికి దూకాడు. పిస్టల్ ఆమె నుదుటికి ఆనింది.

ఎర్ర డబ్బా రాలేదు. పచ్చ దీపం వెలిగింది. మెషీన్ లేచింది!

"ఆపు దాన్ని!"

"ఆపను."

"చెరిపెయ్!"

"చస్తే చెరపను!"

ఆ సాయంత్రం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే లేచింది. ఆమె ఆ రోజు రికార్డింగ్ తెరిచింది. స్క్రీన్ మీద గోడౌన్. స్టోర్‌కీపర్. అతని వెనక కత్తితో... మేనేజర్! ఆ తర్వాత పరుగెత్తుకొచ్చి, పడిపోయిన మనిషిని రెండు చేతులా ఎత్తుకుంటున్న తమ్ముడు.

పిచ్చి వెధవ! ఆమె కళ్లు నిండిపోయాయి.

మేనేజర్ గిర్రున తిరిగాడు. ఎదురుగా బీరువా అంత నల్ల సర్వర్. కాల్చాడు.

ఢాం!

గుప్పున పొగ. స్క్రీన్ మాత్రం చెక్కుచెదరలేదు.

"మొన్న మీరు చంపింది అదే సార్! చచ్చినదాన్నే మళ్లీ చంపారు!"

పైన మూలనున్న కెమెరాలో ఎర్ర చుక్క వెలుగుతోంది. లేచిన మెషీన్ తన పని తను మొదలుపెట్టేసింది. రికార్డింగ్!

"ఇదీ ఎక్కింది. నవ్వండి సార్."

పిస్టల్ మళ్లీ ఆమె మీదికి లేచింది.

"నీ తలుపు నువ్వే తీసి చస్తున్నావ్, పిచ్చిదానా!"

"నా తలుపొక్కటేనా? అన్నీ తెరుచుకున్నాయి సార్. కింద మెయిన్ డోర్ కూడా!"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక కారిడార్‌లో బూట్ల చప్పుడు...

తిరిగాడు.

ఢాం!

పిస్టల్ నేల మీద జారుకుంటూ పోయింది. మేనేజర్ చేయి పట్టుకుని కూలబడ్డాడు.

గుమ్మంలో తుపాకీతో ఇన్‌స్పెక్టర్ రొప్పుతున్నాడు. "ఏదమ్మా రుజువు?"

ఆమె స్క్రీన్ వైపు వేలు చూపించింది.

"అదిగో. తీరిగ్గా చూద్దురుగాని సార్, ముందు మావాడికి ఫోన్ కలపండి. వాడొకటి అడిగాడు... జవాబు చెప్పాలి."