నర్సమ్మ నరంలో కరెంటు

"నలభై మిల్లీవోల్ట్‌లు ఇస్తున్నాను," అంది డాక్టర్ నఫీసా. "గోడగడియారం బ్యాటరీలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ఆవిడకు నొప్పి తెలియదు."

పైడిరాజు తలూపాడు. భీమిలి దగ్గర సముద్రపొడ్డున కట్టిన ఆ పరిశోధనాసుపత్రిలో మూడేళ్ళుగా అతని భార్య అప్పలనర్సమ్మ మంచం మీద కదలకుండా పడి ఉంది. మెదడులో రక్తనాళం చిట్లింది. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ దేన్నీ చూడవు. ఆమెకు ఏమీ వినపడదని, ఏమీ తెలియదని అప్పట్లోనే పెద్ద డాక్టర్లు చెప్పేశారు.

నఫీసా తెచ్చిన యంత్రం చూడటానికి టిఫిన్ డబ్బా అంతే ఉంది. దాన్నుంచి వెంట్రుక కన్నా సన్నని తీగలు రెండు నర్సమ్మ చెవి వెనకగా లోపలికి వెళ్ళాయి. కోత లేకుండా వినికిడి నరాన్ని వెతుక్కుంటూ పోయి దాని మీద వాలే తీగలవి. నరానికి తెలిసిన వోల్టేజి ఇచ్చి, ఎంత కరెంటు పారుతోందో కొలవడమే ఆ యంత్రం పని.

"రెండు మైక్రోయాంపియర్లు," అంది నఫీసా తెర చూస్తూ.

పైడిరాజు మందుల చీటీ వెనక పెన్నుతో లెక్క వేశాడు. ముప్పయ్యొక్క ఏళ్ళు సబ్‌స్టేషన్ ఆపరేటరుగా పనిచేసిన మనిషి. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, రెండింటినీ గుణిస్తే పవర్. అతని చేతికి అలవాటైన లెక్కే.

"ఇరవై కిలోఓమ్‌లు. పవరు ఎనభై నానోవాట్లు. అంతేనా అమ్మా?"

"అంతే. పని లేని నరం అలాగే ఉంటుంది. ఇప్పుడు మీరు ఆవిడతో ఏదైనా మాట్లాడండి."

"ఏటి మాటాడమంటారు?"

"రోజూ మాట్లాడేదే."

అతను ముందుకు వంగాడు. "నర్సమ్మా, నానే. పొద్దున్నే చినుకులు పడ్డాయి."

తెర మీద అంకె మారింది. మూడు, నాలుగు, ఐదు. పైడిరాజు మళ్ళీ చీటీ తీశాడు. ఎనిమిది కిలోఓమ్‌లు. రెండు వందల నానోవాట్లు. వోల్టేజి మారలేదు. లోపల ఏదో దారి తెరుచుకుంది, ఎవరో పని చేస్తున్నారు.

నఫీసా ఇంకో గంట రకరకాలుగా పరీక్షించింది. రికార్డు చేసిన సముద్రపు హోరు వినిపిస్తే అంకె కొద్దిగానే కదిలింది. కొడుకు పేరు చెప్తే ఐదు దాటింది. చివరికి ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"రాజుగారూ, ఆవిడ వింటోంది. ఇవాళ కొత్తగా వినడం కాదు. వాడకుండా వదిలేసిన నరానికి రెసిస్టెన్స్ ఇంకా చాలా ఎక్కువుంటుంది. ఈ మూడేళ్ళూ వింటూనే ఉంది. మీ గొంతే ఆ నరాన్ని కాపాడింది."

పైడిరాజు గోడ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. సంతోషం తట్టుకోలేక అనుకుంది నఫీసా.

నర్సమ్మకు సూరిబాబని ఒక తమ్ముడుండేవాడు. తల్లి పోతే ఆమే ఎత్తుకుని పెంచింది. లైన్‌మన్ అయ్యాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం స్తంభం మీద ఉండగా లైనులోకి కరెంటొచ్చి చనిపోయాడు. కరెంటు ఆపాం, ఎక్కొచ్చని సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ ఇచ్చింది పైడిరాజే. ఇచ్చాక పక్క లైనుదనుకుని సూరిబాబు ఎక్కిన లైను స్విచ్ వేసిందీ అతనే. సూరిబాబు చెప్పకుండానే ఎక్కాడని లాగ్‌బుక్‌లో రాసుకున్నాడు. విచారణలో అందరూ అదే నమ్మారు. తమ్ముడిది తొందర బుద్ధని నర్సమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.

ఆమెకు ఏమీ వినపడదని డాక్టర్లు చెప్పిన నెలకే పైడిరాజు ఆ నిజం ఆమె చెవిలో చెప్పాడు. ఒక్కసారి కాదు. గుండె బరువెక్కినప్పుడల్లా చెప్పుకున్నాడు, చెప్పుకున్నాక తేలికపడ్డాడు.

ఆ పరీక్ష మర్నాటి నుంచి అతను వేళకు వస్తూనే ఉన్నాడు. ఆమె మొహం తుడిచేవాడు, తల దువ్వేవాడు, పక్కకు తిప్పి పడుకోబెట్టేవాడు. నోరు మాత్రం విప్పేవాడు కాదు. నర్సులు పలకరిస్తే అంకె మూడు దాటేది కాదు. పన్నెండు రోజులు గడిచాక నఫీసా అతన్ని వరండాలోకి పిలిచింది.

"ఆవిడకు వినపడదనుకున్నప్పుడు అన్ని మాటలు చెప్పారు. వినపడుతుందని తెలిశాక ఎందుకు మానేశారు?"

అతను సముద్రం వైపు చూస్తూ మొత్తం చెప్పాడు.

"కుడిచేతి నరం మీద ఇంకో జత తీగలు వేస్తాను," అంది నఫీసా. "అవునంటే పిడికిలి బిగించాలనుకోమంటాం. చెయ్యి కదలదు, కానీ కరెంటు పెరుగుతుంది. కాదంటే ఊరుకోమంటాం. మీరు అడగాల్సింది మీరే అడగండి."

తీగలు వేశాక నర్సమ్మ మంచం దగ్గర ముందు తెలిసిన ప్రశ్నలే అడిగారు. మీ ఊరు ఇదేనా, పిల్లలు ఇంతమందేనా అని. ఒక్కటీ తప్పు రాలేదు. అప్పుడు నఫీసా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సూరిబాబు సంగతి నాను సెప్పింది ఇన్నావా?" అన్నాడు పైడిరాజు.

ఐదు.

"నన్ను సెమించావా?"

అతను తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. పది సెకన్లు, ఇరవై, నిమిషం. రెండు దగ్గరే ఉంది. యంత్రం పాడైందేమో చూడమని నఫీసాను అడగలేదు. అది బాగానే ఉందని అతనికి తెలుసు.

"నన్ను రావద్దంటావా?"

రెండు. కదలలేదు.

పైడిరాజు చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఆ దినం ఏటి జరిగిందో మొదట్నించీ సెప్పమంటావా? నువ్వు ఇంటన్నావని తెలిసి?"

అంకె ఒక్కసారిగా లేచింది. ఐదు, ఆరు. అక్కడే నిలబడింది.

అతను స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. అప్పటిదాకా ఎప్పుడూ ఆమె చెవిలో గొణిగేవాడు. ఈసారి ఆమె కళ్ళకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఆవేళ నాది పగటి డ్యూటీ," అని మొదలుపెట్టాడు.